జానెడు కట్టె

ఆగస్టు 30, శుక్రవారం

ఎరువుల దుకాణం శేఠ్ జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఎనిమిది నెలలుగా పనిముట్ల పెట్టె అడుగున పడి ఉంది. ముందు రెండు పేజీలు అంజమ్మ చించి పొయ్యి రాజేసింది. మిగతావి నాకు దక్కాయి. మా ఆవిడకు చదువు రాదు కాబట్టి భయం లేదు.

నిన్న టీవీలో చూపించారు. అణుశక్తితో నడిచే పడవ, నెలల తరబడి నీళ్ల కిందే ఉండి కడుపులో క్షిపణులు మోసేది. అలాంటిది రెండోది నౌకాదళంలో చేరిందట. గట్టిగా రెండు నిమిషాలు కూడా చూపించలేదు. "జర మార్చయ్యా, నా సీరియల్ అయిపోతది" అంది అంజమ్మ. మార్చాను.

ముప్ఫై ఏళ్ల కింద, అలాంటి పడవకు ఇంకా ఇనుము కొయ్యకముందే, దాని కడుపులో తిరిగినవాణ్ని నేను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పనని సంతకం పెట్టాను. పెట్టించుకున్న ఆఫీసరు "చచ్చేదాకా" అని హిందీలో అన్నాడు. నేనింకా చావలేదు. కానీ ఇది చెప్పడం కాదు, రాసుకోవడం.

సెప్టెంబరు 1, ఆదివారం

రెండు రోజులుగా ఒకటే వాన. పొద్దున ఒక పేజీ రాసి కొట్టేశాను. మళ్లీ రాస్తున్నాను.

మేం చేసింది చెక్క పడవ. అసలు పడవను ఇనుముతో కట్టకముందు, అంతే పొడవు, అంతే వెడల్పు చెక్కతో కట్టి చూసుకోవాలి. పైపు ఎటు పోవాలో, మనిషి తల ఎక్కడ తగులుతుందో, కూర్చున్నవాడి చేతికి ఏది అందుతుందో కాగితం మీద తెలియదు. అందుకని విశాఖలో ఒక పెద్ద షెడ్డులో మేం నలభై మంది వడ్రంగులం ఆరేళ్లు ఆ పని చేశాం. పెట్టెలకు వాడే తెల్ల దేవదారు చెక్క, మేకులు, జిగురు, అంతే. అణు కుంపటికి, అదే రియాక్టరుకు, చెక్క డొల్ల చేసింది నేనే. క్షిపణులు నిలబెట్టే గొట్టాలు కూడా చెక్కవే, ఒక్కొక్కటి జొన్నలు పోసే గుమ్మి కంటే ఎత్తు. ఒక లావాటి ఆఫీసరు రోజూ వచ్చి ప్రతి గుమ్మంలోనూ దూరి చూసేవాడు. ఆయన ఇరుక్కున్న ప్రతిసారీ గుమ్మం మళ్లీ కోసేవాళ్లం. ఆయన నవ్వుతూ బయటికి రావడం, మేం నవ్వు ఆపుకోవడం, ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

అది నా జీవితంలో మంచి కాలం. ఇంత సూటిగా ఎన్నడూ అనుకోలేదు.

ఇంట్లో మాత్రం విశాఖలో పెద్ద గుడికి తేరు చేస్తున్నానని చెప్పాను. మా నాయిన ఈరన్న తేరు పనివాడు. మల్దకల్ చుట్టుపక్కల ఏ ఊరి తేరుకైనా ఆయన బాడిస తగలాల్సిందే. ఆయన కొడుకు తేరు చేస్తున్నాడంటే ఎవరు కాదంటారు? నాయిన కూడా ఊరంతా తిరిగి, "నా కొడుకు చేసేది మన తేరుకు మూడింతలుంటది" అని చెప్పుకున్నాడు.

సెప్టెంబరు 4, బుధవారం

గుడి కమిటీ పెద్ద కురుమూర్తి వచ్చాడు. మా ఊరి తేరుకు చెదలు పట్టి ఇరుసు పగిలింది. రెండేళ్లుగా తేరు గుంజడం లేదు. వచ్చే మాఘ పౌర్ణమికి కొత్త తేరు చెయ్యాలని తీర్మానం చేశారట.

"పెద్ద మేస్త్రివి నువ్వే మోనన్నా. కొందరు గోపాల్‌పేట మాసయ్యను పిలుద్దామన్నరు. విశాఖల ఆరేండ్లు తేరు చేసిన మొగోడు మనూర్ల ఉండంగ పక్కూరోళ్ల కాళ్లు ఎందుకు పట్టుకోవాలె అని నేనే అన్న. ఏమంటవు?"

"చూద్దాం" అన్నాను. చూద్దామంటే ఒప్పుకున్నట్టేనని నాకూ తెలుసు, కురుమూర్తికీ తెలుసు.

మాసయ్య మా అక్క బాలనాగమ్మ భర్త. నాయిన దగ్గరే పని నేర్చాడు. చక్రం చెయ్యడంలో ఈ మూడు జిల్లాల్లో ఆయనంతటివాడు లేడు. నేను నేర్చుకోవాల్సిన వయసులో తలుపులు, కిటికీలు అంటూ పట్నాలు పట్టుకుని తిరిగాను. తేరు చక్రం ఒక్కటి కూడా చెయ్యలేదు.

సెప్టెంబరు 5, గురువారం

రేపు కురుమూర్తికి చెప్తాను, నా వల్ల కాదని.

సెప్టెంబరు 9, సోమవారం

చెప్పలేదు. వినాయకుడి మండపం పనుల్లో ఉన్నాడు. మనిషి తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పాలి.

సెప్టెంబరు 12, గురువారం

గుడి పక్క షెడ్డులో పాత తేరును కొలిచాను. ఏమంత కష్టం కాదు. చక్రం చక్రమే కదా. గుండ్రం చేతనైనవాడికి చక్రం చేతకాదా? అణు కుంపటికి డొల్ల చేసినవాణ్ని.

సెప్టెంబరు 17, మంగళవారం

విశ్వకర్మ పూజ రోజని గుడి ముందు నాకు శాలువా కప్పారు. "తేరు మోనయ్య" అని మైకులో పిలిచారు. చప్పట్లు కొట్టారు. చెప్పడానికి అది సందర్భం కాదు.

శాలువా బాగుంది.

సెప్టెంబరు 20, శుక్రవారం

నాయిన గుర్తొస్తున్నాడు. నాలుగు రోజులుగా ఇదే వరస.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఏ పెద్ద పని ముగిసినా ఆ పనిలోంచి జానెడు కట్టె ఇంటికి రావాలి. దాన్ని ఉలికో బాడిసకో పిడిగా వేసి తర్వాతి పని మొదలుపెట్టాలి. తాత నుంచి వస్తున్న పద్ధతి అది. నాయిన ఉలి పిడి పట్టుకుంటే ఏ ఊరి పని ఏ కట్టెతో చేశాడో చెప్పేవాడు. ఇంకొకటి, తనకు నచ్చిన పని మీద మూడు చిన్న గాట్లు పెట్టేవాడు. తన పనికి పెట్టాడు. మాసయ్య బావ చేసిన చక్రాలకు పెట్టాడు. నా తలుపులకు, కిటికీలకు ఒక్కనాడూ పెట్టలేదు. "అతుకు సరిగ కుదరలే" అనేవాడు.

ఆ షెడ్డులోంచి చెక్కపొట్టు కూడా బయటికి పోనిచ్చేవారు కాదు. గేటు దగ్గర జేబులు, చెప్పులు, అన్నం డబ్బా అన్నీ వెతికేవారు. ఆరో ఏడు, పని ముగింపుకు వచ్చినప్పుడు, నాలోని వడ్రంగి ఊరుకోలేదు. పడవ ముప్ఫై ఒకటో పక్కటెముకకు, అంటే వంపు దూలానికి, కోయగా మిగిలిన జానెడు ముక్కను నా ఉలికి పిడిగా వేశాను. ఒక పక్క చదునుగా ఉంచాను, దాని మీద పెన్సిలుతో రాసిన 31 అంకె కూడా అలాగే ఉంచాను. ఉలులు లెక్కపెట్టి పంపేవారు గానీ పిడి ఏ కట్టెదో ఎవడు చూస్తాడు? దొంగతనమే. చేసినందుకు ఇప్పటికీ సిగ్గు లేదు.

ఆ ఉలి తెచ్చి నాయిన చేతికిచ్చాను. వాసన చూశాడు. బొటనవేలితో అంకె మీద రుద్దాడు. తేరుకు టేకు వాడతారు, తుమ్మ వాడతారు, వేప వాడతారు. పెట్టె చెక్కతో తేరు ఎవరూ చెయ్యరు. ఆయనకు తెలియకుండా ఉంటుందా? నా మొహంలోకి చూశాడు. ఒక్క మాట అడగలేదు. "నాలుగు దెబ్బలకు పగుల్తది ఇది" అని మాత్రం అన్నాడు.

మర్నాడు చూస్తే ఉలికి తుమ్మ పిడి ఉంది. నా పిడి లేదు. పొయ్యిలో పెట్టేశాడనుకున్నాను. అడగలేదు, అడిగితే నేను కూడా చెప్పాల్సి వస్తుంది. మరుసటి ఏడు ఊరి తేరు బాగుచేసేటప్పుడు మాసయ్య బావను పిలిచాడు, నన్ను పిలవలేదు. నేను వనపర్తిలో ఒక బంగళాకు తలుపులు చేస్తూ మూడు నెలలు కోపంగా ఉన్నాను. గుంజే రోజుకు మాత్రం వచ్చి మోకు పట్టాను. ఆ తేరు గుంజిన రెండు నెలలకు ఆయన పోయాడు.

అక్టోబరు 12, శనివారం. దసరా.

పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేశాం. తుమ్మ పిడి ఉలి ముందు అగరబత్తి వెలిగిస్తూ అంజమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఏమయ్యా, ఆరేండ్లు దేవుని తేరు చేసినోనివి, ఒక్కపారన్న ఆ దేవుని ప్రసాదం తెచ్చినవా?"

నా చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది.

"ఇన్నేండ్లు ఎందుకు అడగలే?"

"మామ వద్దన్నడు. వాడు ఏదో పెద్ద పనే చేసిండు, చెప్పలేకపోతుండు, అడిగి పరేషాన్ జెయ్యకు అన్నడు. గందుకే అడగలే. ఇగ ఇప్పుడు తేరు చేస్త అంటున్నవు. ఆ మోకు పట్టి గుంజేటోళ్లల్ల నా తమ్ముడు ఉంటడు, నా తమ్ముని కొడుకులు ఉంటరు. గందుకని అడుగుతున్న. నీకు తేరు చేసుడు వస్తదా రాదా?"

కొబ్బరికాయ కొట్టాను. నాయిన ఆవిడతో ఆ మాట అన్నాడని ఇవాళే తెలిసింది.

అక్టోబరు 15, మంగళవారం

కురుమూర్తితో నాగర్‌కర్నూల్ పోయాను, కలప చూడటానికి. బస్టాండు నుంచి ఆటోలో కలప డిపోకు పోయాం. డిపో ఆయన ముసలివాడు, కట్టె తెలిసినవాడు.

"ఇరుసుకు ఏం కట్టె గావాలె మేస్త్రీ? పచ్చిదా, ఆరిందా? చక్రానికి పొర ఎటు దిక్కు పెడతవు?"

నేను మొద్దులను తట్టి చూస్తూ నిలబడ్డాను. చెవి ఆనించి విన్నాను. గొంతు సవరించుకున్నాను. కురుమూర్తి నావైపు నమ్మకంగా చూస్తున్నాడు. ఆ నమ్మకం చూస్తే నాకు ఏడుపొచ్చింది. మళ్లీ వారం వస్తామని చెప్పి బయటికి నడిచాను.

చక్రం కట్టెకు పొర, అంటే నార నడిచే దిక్కు, ఎటు ఉండాలో నాకు తెలియదు. తప్పు పొర పెడితే మూలమలుపులో చక్రం నిలువునా చీలుతుంది. నా చిన్నప్పుడు వేరే ఊళ్లో అలా చీలిన తేరును నాయిన చూసి వచ్చాడు. మూడు రోజులు అన్నం తినలేదు. ఎవరెవరు పోయారో చెప్పలేదు, "మోకు పట్టినోళ్లు" అన్నాడు.

అక్టోబరు 18, శుక్రవారం

గద్వాల పోయి, అక్కడ వనపర్తి బస్సెక్కి, దిగి మళ్లీ గోపాల్‌పేట బస్సు. బావ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. అరుగు మీద కూర్చుని మంచం కోడు చెక్కుతున్నాడు. డెబ్బై ఆరేళ్లు. చెయ్యి వణకడం లేదు.

"రా రా విశాఖ మేస్త్రీ! నీ తేరుకు ఎన్ని చక్రాలు రా బామ్మర్దీ?"

ముప్ఫై ఏళ్లుగా ప్రతి పెళ్లిలో, ప్రతి చావులో ఇదే ప్రశ్న. ఒకసారి నాలుగన్నాను. ఇంకో పెళ్లిలో మరిచిపోయి ఆరన్నాను.

"ఒక్కటి గూడ లేదు బావా."

బాడిస పక్కన పెట్టాడు. నీళ్ల చెంబుతో వచ్చిన అక్క గడపలోనే ఆగింది.

"నేను తేరు చెయ్యలే. విశాఖల తేరే లేదు."

"మరి ఆరేండ్లు ఏం జేసినవు రా?"

"అది చెప్పలేను."

"జైల్ల ఉంటివా?"

"లేదు."

"ఇంకో సంసారమా?" ఇది అక్క.

"అయ్యో, లేదక్కా. కట్టె పనే. పెద్ద పనే. నా ఒక్కనిది కాదు ఆ మాట, గందుకే చెప్పలేను. ఇంతకంటె అడగకుండ్రి."

బావ కోడు మీది చెక్కపొట్టు దులిపాడు. "ఒకపారి నాలుగన్నవు, ఒకపారి ఆరన్నవు. నాకు గప్పుడే తెలుసు."

"తెలిస్తే ముప్పై ఏండ్లు ఎందుకు అడిగినవు?"

"నీ నోటితోని ఇందామని."

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. విషయం చెప్పాను. నాకు చక్రం రాదని, మోకు పట్టేది మూడు వందల మంది అని, నువ్వు రావాలని. బావ మొహం తిప్పుకున్నాడు.

"మీ ఊరోళ్లు నన్ను పిలువలే గదా. శాలువ నీకే గప్పిరి."

"నేను పిలుస్తున్న బావా."

"పెద్ద మేస్త్రి ఎవరు?"

"నువ్వే."

"గిట్ల అరుగు మీద కాదు. మీ ఊర్ల అందరి ముందల చెప్పాలె."

అన్నం తిని వచ్చాను. అక్క గోంగూర కట్టిచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎన్నేళ్ల తర్వాతో ఊపిరి సాఫీగా ఆడినట్టు అనిపించింది.

అక్టోబరు 20, ఆదివారం

గుడి దగ్గర అందరూ ఉన్నప్పుడు చెప్పాను. నేను తేరు చెయ్యలేదు, నాకు రాదు, మాసయ్య బావ చేస్తాడు. ఇంతే.

కురుమూర్తి మొహం ఎర్రబడింది. "శాలువ గప్పిననాడు నోరు లేకుండెనా? ఆరేండ్లు మరి యాడ ఉంటివి?"

"పనిల ఉంటి."

"ఏం పని?"

శాలువా మడతపెట్టి గట్టు మీద పెట్టి వచ్చేశాను.

అక్టోబరు 24, గురువారం

హోటల్లో నన్ను చూసి "ఉత్త తేరు" అన్నారు. అనుకోనీ. కానీ ఎవడో వెనక నుంచి, "వాళ్ల నాయిన గూడ గదే అబద్ధం ఊరంత జెప్పిండు గద" అన్నాడు. చాయ్ సగం వదిలేసి లేచాను. నన్ను అన్నదానికి కాదు. నా అబద్ధం మోసి మోసి పోయిన మనిషిని అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. అంజమ్మ చూసి చూడనట్టు వాకిలి ఊడ్చింది.

వాళ్లకు ఒక్క మాట చెప్పగలిగితే చాలు. టీవీలో వచ్చింది చూశారు కదా, అది, అని. చెప్పలేను.

నవంబరు 6, బుధవారం

బావ వచ్చాడు. మా ఇంట్లోనే ఉంటాడు. వచ్చీరాగానే అంజమ్మ కూరలో ఉప్పు లేదన్నాడు. ఇల్లు నిండినట్టు ఉంది.

నేను ఒక్కటే అడిగాను. అసలు తేరుకు ముందు ఉత్త తేరు చేద్దామని. వెదురు, పెట్టె చెక్క, అంతే ఎత్తు, అంతే వెడల్పు. వీధులన్నీ తిప్పి చూద్దామని.

"తేరుకు తేరు చేస్తవా? మీ నాయిన ఎన్నడన్న చేసిండా?"

"నాయిన కాలంల కరెంటు తీగలు ఉండెనా బావా? ఇండ్ల ముందర ఈ మెట్లు ఉండెనా?"

బావ గొణుక్కుంటూ సరే అన్నాడు. పన్నెండు రోజులు చాలు నాకు. ఆ షెడ్డులో నేర్చుకున్నది ఈ ఒక్కటే.

నవంబరు 20, బుధవారం

ఉత్త తేరును బండి చక్రాల మీద పెట్టి తోశాం. ఊరంతా వాకిళ్లలో నిలబడి నవ్వింది. జములమ్మ ముసలామెకు చూపు ఆనదు. నిజం తేరే అనుకుని ఎదురొచ్చి కొబ్బరికాయ కొట్టి దండం పెట్టింది. వద్దని ఎవరికీ నోరు రాలేదు.

పాల కేంద్రం మూల దగ్గర ఇరుక్కుంది. అటు కొత్త ఇంటి మెట్లు, ఇటు నీళ్ల ట్యాంకు. రెండడుగులు చాలలేదు. ఆ లావాటి ఆఫీసరు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఒక పక్క వెదుర్లు విప్పి దాటించాం. ఇంకా ముందుకు పోతే, బడి దగ్గర, కలశం చోట కట్టిన వెదురు కరెంటు తీగకు జానెడు దూరంలో ఆగింది. అక్కడ నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపారు.

కురుమూర్తి తీగను చూశాడు, నన్ను చూశాడు. "పాత కొలతలతోని చేస్తే ఏమైతుండె మోనన్నా?"

ఏమవుతుందో ఆయనకే తెలుసు. బావ కూర్చుని కొలతలన్నీ మార్చాడు. వెడల్పు మూడడుగులు, ఎత్తు నాలుగడుగులు తగ్గింది.

నవంబరు 22, శుక్రవారం

ఉత్త తేరు విప్పాం. చెక్క జాతర వంటలకు పొయ్యిలోకి పనికొస్తుందని కురుమూర్తి గుడి వెనక పేర్పించాడు.

ఆ షెడ్డులో కూడా ఇలాగే విప్పాం. కొలతలన్నీ తీసుకున్నాక చెక్క పడవ అవసరం తీరింది. గొట్టాలు, మంచాలు, గుమ్మాలు, నా కుంపటి, అన్నీ గొడ్డళ్లతో పగలగొట్టి, కాపలా నిలబడి కాల్పించారు. తెల్ల దేవదారు త్వరగా మండుతుంది. ఆరేళ్ల పని ఒక పగలు మండింది. నలభై మందిమి చేతులు కట్టుకుని చూశాం. ఎవరూ ఏడవలేదు, సాయంత్రం ఎవరూ అన్నం తినలేదు. నీళ్ల కోసం చేసిన పడవ ఒక్క చుక్క నీళ్లు చూడలేదు. ఒక్క అడుగు కదల్లేదు.

అందులో మిగిలింది జానెడు. అది కూడా మా పొయ్యిలోనే పోయింది.

డిసెంబరు 18, బుధవారం

మొదటి చక్రం అయింది. పొర ఎటు పెట్టాలో బావ చూపించాడు. అరవై తొమ్మిదేళ్లకు నేర్చుకున్నాను. "గిట్ల. గట్ల కాదు రా!" అని రోజుకు యాభైసార్లు తిడుతున్నాడు. నాయిన గొంతు విన్నట్టే ఉంది.

జనవరి 22

కొత్త డైరీ కొనలేదు. దీంట్లోనే జనవరి పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఇవాళ పాత తేరులోంచి దేవుడి పీట తీశాం. కొత్త తేరుకు అదే పీట పెడతారు. నాయిన చేసిన పీట, టేకుది, చెదలు ముట్టలేదు. నేనూ బావా చెరో పక్క పట్టి లేపాం. పీట అడుగు చెక్కలో చిన్న గూడులా తొలిచి ఉంది. అందులో ఏదో బిగించి ఉంది.

బావ గోటితో గీకి చూశాడు. "ఇదేంది రా? పెట్టె చెక్క. మామ గింత సుకుమారం కట్టె తేరుల ఎందుకు పెట్టిండు?"

గూడులోంచి తీసి నా చేతికిచ్చాడు. ఒక పక్క చదును. పెన్సిలు అంకె మసకగా ఉంది గానీ ఉంది. 31.

నేను అక్కడే కూర్చుండిపోయాను. నాలుగు దెబ్బలకు పగులుతుందని అన్నాడు కదా, అందుకని దెబ్బ తగలని చోటు, బరువు పడని చోటు వెతికి పెట్టాడు. ఊరంతా తిరిగి నా కొడుకు తేరు పని చేస్తున్నాడని చెప్పాడు. చెప్పిన మాట అబద్ధం కాకూడదని నా పనిని తీసుకొచ్చి తేరులో పెట్టాడు, దేవుడి కిందే పెట్టాడు. అది నా కంట పడకూడదనే ఆ ఏడు నన్ను పిలవలేదు. నేనేమో మూడు నెలలు కోపంగా ఉన్నాను.

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీదేనా?"

"నాదే."

"ఆ ఆరేండ్లదా?"

తల ఊపాను. బావ ముక్కను తీసుకుని వెలుతురులో తిప్పి, వెనక పక్క చూసి నాకు చూపించాడు.

మూడు గాట్లు.

ఫిబ్రవరి 12

డైరీలో సోమవారం అని అచ్చు వేసి ఉంది. నిజానికి బుధవారం, మాఘ పౌర్ణమి.

పీట అడుగున గూడు శుభ్రం చేసి, ఆ ముక్కను దాని చోట పెట్టాను. బిగించింది బావ. చూసింది మేమిద్దరమే. పద్ధతి ప్రకారం కొత్త పని ముక్క కూడా జానెడు ఇంటికి తెచ్చాను. అంజమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది, పిడి చెయ్యనివ్వడం లేదు.

సాయంత్రం నాలుగింటికి తేరు కదిలింది. చక్రం కింద మొద్దు వేసి మలుపు తిప్పేది బావ. శాలువా ఆయనకే కప్పారు, మైకులో పేరు కూడా ఆయనదే పిలిచారు. పాల కేంద్రం మూలలో జానెడు సందుతో తిరిగింది. తీగ కింద ఆగకుండా పోయింది. అంజమ్మ మిద్దె మీద నిలబడి బియ్యం చల్లుతూ వాళ్ల తమ్ముణ్ని, తమ్ముడి కొడుకులను లెక్కపెట్టుకుంటోంది.

నేను మోకు పట్టుకున్నాను. కురుమూర్తి వచ్చి నా పక్కన పట్టుకున్నాడు. ఇన్నాళ్ల తర్వాత నవ్వుతూ మాట్లాడాడు.

"మోనన్నా, ఏం చేసినవో అడగను. ఒక్కటే చెప్పు. నువ్వు ఆడ చేసింది దీనికంటె పెద్దదా?"

"పెద్దదే."

"మరి ఏమాయె?"

"కాలబెట్టిన్రు. ఒక్క అడుగన్న కదల్లే" అన్నాను. అలవాటుగా అన్నాను, ముప్ఫై ఏళ్లుగా నాలో నేను అనుకునే మాటే.

మోకు బిగిసింది. అందరం ఒక్కసారి గుంజాం. తేరు ముందుకు కదిలింది. అప్పుడు తట్టింది నాకు. నాయిన ఆ ముక్క పెట్టిన ఏడు మొదలుకొని పాత తేరు ఆగిన ఏడు దాకా, ఒక్క కరోనా ఏడు తప్ప, ఇరవై నాలుగు సార్లు ఆ పడవ మా ఊరి వీధుల్లో కదిలింది. ఇరవై నాలుగు సార్లూ మోకు పట్టి గుంజినవాళ్లలో నేను ఉన్నాను.